ఆదిలాబాదుకు ఒంటి చక్రం మీద

తల నెరిసిన మొగుడు తెల్లవారి లేచి సైకిల్ తొక్కుతానంటే ఏ ఆడదైనా నవ్వి ఊరుకుంటుంది. ఆ సైకిల్‌కు ముందు చక్రం లేదు, హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు అని చూశాక నవ్వు రాదు. అనసూర్యకూ రాలేదు.

ఆమె మొగుడు శ్రీహరి సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. మీసం మొలవకముందు నుంచీ సాంచాల మధ్యే నిలబడ్డాడు. తాగడు, కొట్టడు, ఎవరి జోలికీ పోడు. ఇట్లాంటి మనిషి గురించి చెప్పుకోవడానికి ఏముంటుందని వాడకట్టు అనుకునేది. ఒక్కటి ఉంది. పడుచుతనంలో కరీంనగర్‌కు సర్కస్ వస్తే చూడ్డానికి పోయి, అక్కడే ఉండిపోయాడు. గుర్రాలకు గడ్డి వేసి, డేరా తాళ్ళు గుంజి, కేరళ నుంచి వచ్చిన ఒక ఆటగాడిని బతిమాలి ఒంటి చక్రం సైకిల్ నేర్చుకున్నాడు. ఆదిలాబాదులో ఆటకు దింపుతామన్నారట. సామానంతా లారీలకు ఎక్కిస్తున్న పొద్దున వాళ్ళ బాపు రాజయ్య వచ్చాడు. అందరి ముందర చెంప పగలగొట్టి, రెక్క పట్టి బస్సెక్కించి, తెచ్చి సాంచా ముందర నిలబెట్టాడు.

"సర్కస్ ఆదిలాబాద్ పోయింది, నేను పోలే." పెళ్ళయిన కొత్తలో శ్రీహరి ఈ మాట అన్నప్పుడు అనసూర్య జాలిపడింది. ఏళ్ళు గడిచాక వినీ వినీ విసుగు పుట్టింది. "పోతే పోయింది తియ్యి, తిరిగొస్తదా?" అని బీడీలు చుట్టుకునేది.

తరువాత బట్టకు గిరాకీ పడిపోయింది. శ్రీహరి పనిచేసే కార్ఖానా ఆసామి ముందు రాత్రి పాళీ తీసేశాడు, తరువాత సగం సాంచాలు ఆపేశాడు, చివరకు ఆపిన వాటిని విప్పి పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. ఆ ఏడాది వాడలో మొగవాళ్ళు పనికి పోయే వేళకు కూడా అరుగుల మీదే కనిపించేవారు. ఒకడు ఇంట్లోనే దూలానికి వేలాడాడు. పిల్లలు బడికి పోయొచ్చేసరికి అయిపోయింది. ఆ చావు చూసొచ్చిన నాటి నుంచి శ్రీహరి తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు, గోడకు ఆనుకుని ఎదుటి గోడను చూస్తూ కూర్చునేవాడు. అనసూర్య నోరు పెద్దదే గానీ గుండె జారిపోయింది. బావి చేద తాడు, దండెం తాడు, మంచం నవారు, అన్నీ మూట కట్టి దేవవ్వ ఇంట్లో దాచిపెట్టింది. దేవవ్వ పక్కింటి ముసలామె. తాళ్ళెందుకే అని అడగలేదు. వాడలో అడగాల్సిన పని లేదు.

అట్లాంటి మనిషి ఒకరోజు పాత చక్రం, పెడళ్ళు, ఒక సీటు పట్టుకుని వెల్డింగ్ దుకాణానికి పోయి, సాయంత్రానికి ఈ వింత వస్తువు భుజాన వేసుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది? తక్కిన సగం ఏడవాయె?"

"గింతే ఉంటది."

"గీ వయసుల దీని మీదెక్కి ఏడికి వోతవ్?"

"ఆదిలాబాద్."

"బస్సున్నది గదా!"

"బస్సుల వోతే పోయినట్టు కాదు," అన్నాడు శ్రీహరి. ఆమె చాలా రోజుల తరువాత అతని మొహం మీద కళ చూసింది. అందుకే ఇంకో మాట అనబోయి మింగేసింది.

సాంచాలు తీసేసిన చోట కార్ఖానాలో ఖాళీ ఏర్పడింది. తక్కినవాళ్ళు ఆ ఖాళీ చూసి ఏడ్చారు. శ్రీహరికి మాత్రం అది చదునైన నేలగా కనిపించింది. ఆసామిని అడిగి, మిగిలిన సాంచాల చట్రాలు పట్టుకుంటూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తొక్కేవాడు. ఈ సైకిల్‌తో తొక్కడం ఆపి జారుకుంటూ పోయే సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. వయసులో నేర్చింది ఒళ్ళు మరిచిపోలేదు గానీ ఒళ్ళే మారిపోయింది. మోకాళ్ళు వాచాయి. మోచేతులు గీసుకుపోయాయి. తొడల సందున తోలు లేచి, కాళ్ళు ఎడం పెట్టి నడుస్తుంటే వాడంతా నవ్వింది. అనసూర్య కొబ్బరినూనె కాచి ఇచ్చింది. కార్ఖానాలో ఊడ్చిపోసిన నూలు పీచు తెచ్చి, పాత చీరలో కుక్కి, సీటుకు మెత్త కుట్టింది. అది ఒకపక్కకు ఒరిగిందని విప్పి మళ్ళీ కుట్టింది.

"ఓ అనసూర్యా, నీ మొగనికి ఒక చక్రం ఊడిందంటగా!" అంది దేవవ్వ, అందరూ వినేట్టు.

"ఊడితే ఊడింది పెద్దవ్వా. మీ ముసలాయనకు రెండు చక్రాలు సక్కగుండి ఏడిదాక పోయిండు? కల్లు దుకాణం దాకనే గదా?"

దేవవ్వ పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వింది. ఆ సాయంత్రమే తాళ్ళ మూట తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. ఇంక వీటితో పనిలేదని ఆ ముసలిదానికీ అర్థమైంది.

నేల మీద పట్టు దొరికాక మార్కెట్ యార్డులో, ఆ తరువాత ఊరి బయట రోడ్డు మీద. మక్క గడక తిని పొద్దున్నే పోయేవాడు. ఎదురుగాలికి ఎట్లా వంగాలో, గుంతను ఎట్లా దాటాలో, పడబోతే చక్రాన్ని వదిలేసి కాళ్ళ మీద ఎట్లా దిగాలో ఇంటికొచ్చి చెప్పేవాడు. వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఆ మీద కొండదారి ఘాట్లు. ఆ ఊళ్ళ పేర్లు చుట్టాల పేర్లలాగా నోట్లో ఆడేవి. ఆకలి తిరిగొచ్చింది. నిద్ర తిరిగొచ్చింది. అనసూర్య చాటలో బీడీలు చుడుతూ వినేది. బయటికి మాత్రం, "నిర్మల్ ఘాట్ల నీ మెత్త ఊడొస్తే గప్పుడు తెలుస్తది," అనేది.

ఆ చాట దగ్గరే ఆమెకు సంగతి తెలిసింది. పొగాకు దుమ్ము గొంతులోకి పోకుండా మూతికి కొంగు కట్టుకుని చుట్టడం ఆమెకు అలవాటు. కొంగు కట్టుకున్న రోజు ఏం చెప్పినా శ్రీహరి, "ఆఁ? ఏమన్నవ్?" అంటాడు. కొంగు తీస్తే జవాబు చెబుతాడు. ముందు పరధ్యానం అనుకుంది. ఒకరోజు అతను అటు తిరిగి కూర్చున్నప్పుడు స్టీలు తాంబాళం ఎత్తి వెనక బండ మీద వదిలింది. పక్కింటి కుక్క మొరిగింది. శ్రీహరి తల తిప్పలేదు.

అనసూర్య తాంబాళం తీసి గోడకు ఆనించింది.

సాంచాల చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పెదాలు చూసి, చేతులు ఆడించి మాట్లాడుకుంటారు. ఛాయ్‌కి ఒక సైగ, దారం తెగితే ఒక సైగ, ఆసామి వస్తుంటే ఒకటి. ఇంటికొచ్చాక కూడా అరిచే మాట్లాడతారు. అట్లాంటి వాడలో ఒక మనిషికి చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది? పెళ్ళానికే తెలియలేదు.

ఎదురుగా పోయి నిలబడి, పెదాలు విడమరచి అడిగింది. "నీకు ఎన్నడు సంది ఇనవడ్తలేదు?"

శ్రీహరి తల దించుకున్నాడు. "ఎదురుంగ ఉంటే సమజైతది."

"ఎనుక సంది లారీ వస్తే?"

"ఓరకు పోత గదా."

"ఎనుకకు మర్లి చూస్తవా?"

"చూస్తే పడ్త. అద్దం కట్టి చూసిన. గీ చక్రం మీద ఊగుతది. అద్దంల ఆకాశమే కనవడ్తది," అన్నాడు. ఆ తరువాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పగటిపూట చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. "అనసూర్యా, జర ఎవ్వలకు చెప్పకే. సర్కసోడు చెవిటోడంటరు. నన్ను ఆపుతరు."

ఆపాల్సిన మనిషి ఆమే. ఒక్క మాట అంటే ఆగేవాడు. ఆగి, మళ్ళీ ఆ గోడకు ఆనుకుని కూర్చునేవాడు. దేవవ్వ తెచ్చి పెట్టిన తాళ్ళ మూట మూలన కనిపిస్తూనే ఉంది. అనసూర్య దాని వైపు చూసింది, అతని వైపు చూసింది. "ఎనుక ఒక మనిషిని పెట్టుకుంటెనే పో," అంది.

ఆ మనిషి కొమురెల్లి. శ్రీహరి పక్క సాంచాల మీద పనిచేసినవాడు, వయసులో చిన్న. మాటకారి. తనే మాట్లాడతాడు, ఎదుటివాళ్ళకు సందు ఇవ్వడు. వాళ్ళ మాట పూర్తికాకముందే నవ్వేస్తాడు. అనసూర్య దాన్ని పొగరనుకునేది. పని లేక అతనూ ఊరికే ఉన్నాడు, అద్దాలు ఊడిన పాత మోపెడ్ ఒకటి ఉంది.

"కొమురెల్లీ, మీ అన్న ఎనుకకు మర్లి చూస్తే పడ్తడు. నువ్వు ఎనుక సంది పెద్ద బండ్లను జూసుకో. వస్తే పక్కకొచ్చి చెయ్యి ఊపు, ఓరకు దిగుతడు," అంది.

"నువ్వు ఫికర్ జెయ్యకు వదినె! ఎర్ర గుడ్డ కట్టుకొని రాజు ఎనుక మంత్రి లెక్క పోత. ఆదిలాబాద్‌ల మాకు దండలేస్తరు, నువ్వే జూస్తవు."

వెనక్కి తిరగలేడని చెప్పింది. చెవులు పోయాయని చెప్పలేదు. మొగుడు చెప్పొద్దన్నాడని ఒకటి, నా మొగుడు చెవిటివాడని పరాయి మనిషి ముందు నేనే అనాలా అని ఒకటి. రెండోదే బలమైనది.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. ముందు ఒంటి చక్రం, వెనక ఎర్ర గుడ్డ మోపెడ్. ఆదిలాబాదుకు బయలుదేరే ముందు ఆఖరి సాధన కోసం రుద్రంగి దాకా పోయి రావాలనుకున్నారు. ఆ పొద్దున అనసూర్య సద్ది కట్టింది. కొమురెల్లి పెళ్ళాం వినోద కూడా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఇద్దరాడవాళ్ళూ వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశారు. వినోద ఏదో అనబోయి ఆగిందని అనసూర్యకు అప్పుడు అనిపించింది. అడగలేదు.

పత్తి అమ్మకాల కాలం. లోడు రెండు పక్కలా ఉబ్బి, రోడ్డంతా తనదే అన్నట్టు వచ్చే లారీలు. అట్లాంటిది ఒకటి వాళ్ళ వెనక వచ్చింది. చేలో పత్తి ఏరుతున్న కూలీలు తరువాత చెప్పారు. లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు, కొట్టాడు, చెవులు చిల్లులు పడేట్టు కొట్టాడు. జరుగుతారు కదా అనుకున్నాడు. మోపెడ్ జరగలేదు. ఆఖరికి పక్కకు కోశాడు గానీ లోడు తట్టి మోపెడ్‌ను ఎత్తి కల్వర్టు రాళ్ళ మీద వేసింది. లారీ అవతలి పొలంలోకి దిగిపోయింది.

శ్రీహరికి ఇదేదీ తెలియదు. ఆ పొద్దున గాలి లేదు, రోడ్డు బాగుంది, చక్రం ఒళ్ళు చెప్పినట్టు విన్నది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ తొక్కలేదట. రుద్రంగి చేరి, ఛాయ్ దుకాణం ముందు కాళ్ళ మీదికి దిగి, "ఛాయ్ తెప్పించు" అని కొమురెల్లికి సాంచాల సైగ చేస్తూ వెనక్కి తిరిగాడు. రోడ్డు ఖాళీగా ఉంది. బండి చెడిపోయిందేమోనని ఛాయ్ తాగుతూ చూశాడు. అటు నుంచి వచ్చిన బస్సులోంచి దిగిన వాళ్ళ పెదాల మీద మొదట లారీ అన్న మాట పట్టుకున్నాడు. తరువాత ఎర్ర గుడ్డ అన్న మాట.

కొమురెల్లి ఆసుపత్రి దాకా కూడా పోలేదు.

కర్మలు అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, మొగుడూ పెళ్ళాలిద్దరూ వినోద ఇంటికి పోయారు. వినోద శ్రీహరికి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఏడవలేదు.

"ఒక్క మాట చెప్పు బావా. అంత హారన్ కొట్టిండటగా. నువ్వు ఎందుకు ఓరకు దిగలే? నువ్వు దిగితే నిన్ను జూసి ఆయన దిగుతుండె."

శ్రీహరి అనసూర్య వైపు చూశాడు. అనసూర్య నేల చూసింది.

"నాకు ఇనవడది వినోదా. చెవులు పోయినయ్. ఆనికి ఇనవడ్తదని, ఆన్ని నమ్ముకొనే పోయిన."

వినోద అతని చెవుల వైపు చూసింది. ఆ తరువాత అనసూర్య వైపు తిరిగింది. "అక్కా, మా ఆయనకూ ఇనవడది. వాచ్‌మన్ పని ఇప్పిస్తమంటే, చెవుల సంగతి ఎవ్వలకు చెప్పద్దన్నడు. ముందల బావ ఉన్నడు గదా, బావకు ఇనవడ్తది, బావ దిగితే నేనూ దిగుత అన్నడు. నేను గూడ గదే నమ్మిన."

అనసూర్యకు కొమురెల్లి నవ్వు గుర్తొచ్చింది, మాట పూర్తికాకముందే వచ్చే నవ్వు. అది పొగరు కాదు.

"నువ్వు ఆ దినం ఏదో అనబోయినవు," అంది.

"అనబోయిన. నా మొగని చెవుల ఐబు నేనే వాకిట్ల చెప్పుకోవాల్నా అని ఊకున్న. నువ్వు?"

అనసూర్యకు ఊరంతా భయపడే నోరు ఉంది. ఆ పూట దానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శ్రీహరి ఆ వారమే చక్రాన్ని భుజాన వేసుకుని, సాంచాలు పోయిన పాత ఇనుప సామాన్ల దుకాణానికే పోయి పడేసి వచ్చాడు. మెత్త మాత్రం విప్పి తెచ్చి ఆమె చాట పక్కన పెట్టాడు. ఆదిలాబాదు మాట మళ్ళీ ఎత్తలేదు. సర్కస్ మాట కూడా. గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. తాళ్ళ మూట మళ్ళీ దేవవ్వ ఇంటికి పోయింది. ఈసారి దేవవ్వే వచ్చి తీసుకుపోయింది.

అనసూర్య ఆ మెత్త మీద కూర్చునే బీడీలు చుడుతుంది. మూతికి కొంగు కట్టుకోవడం మానేసింది. పొగాకు దుమ్ము గొంతులో పడి దగ్గు వస్తుంది. దగ్గి, మూతి తుడుచుకుని, అతనికి ఎదురుగా జరిగి, పెదాలు కనిపించేట్టు తల ఎత్తి మాట్లాడుతుంది. కూర ఏం వండాలి, వినోద పిల్లకు జ్వరమట, వాన వచ్చేట్టుంది. అతను ఒక్కోసారి చూస్తాడు. ఒక్కోసారి కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు ఆమె మాట ఆపి, అతను కళ్ళు తెరిచేదాకా చుడుతూ కూర్చుంటుంది.