చైనా దారం, అమ్మ నోటి తడి

ధర్మవరంలో మా అమ్మ పని అచ్చులు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వేలు నాలుకకు తాకించి, చిటికెడు బూడిద అద్దుకుని, రెండు కొసలను మెలిపెట్టేది. నీళ్ల గిన్నె పెట్టుకోవచ్చు కదా అంటే, "నీళ్లకు జారిపోతాది. నోటి తడికైతేనే పట్టుకుంటాది" అనేది. మా వీధిలో ఏ మగ్గానికైనా అమ్మనే పిలిచేవారు. వెళ్లిన ఇంట్లో పెత్తనం కూడా ఆమెదే. కాఫీ అక్కడే, కబుర్లు అక్కడే, ఆ ఇంటి అత్తాకోడళ్ల తగవులకు తీర్పులూ అక్కడే.

2003 ఎండాకాలంలో చైనాలో సార్స్ జబ్బు చెలరేగింది. ఎక్కడి చైనా, ఎక్కడి ధర్మవరం అనుకునే వీలు మాకు లేదు. మా మగ్గాల మీదికి వచ్చే పట్టులో చాలా భాగం అక్కడిదే. ఆ దేశంతో ఒకప్పుడు సరిహద్దు దగ్గర యుద్ధం జరిగిందని బళ్లో చదువుకున్నాను. ఇంట్లో మాత్రం చైనా అంటే నున్నటి దారం, అంతే. జబ్బు దగ్గుతో, తుమ్ముతో అంటుకుంటుందని టీవీలో మొత్తుకుంటూనే ఉన్నారు. మా వీధి మాత్రం దారంతో వస్తుందని తేల్చేసింది. ఆ దారాన్ని నోటితో తడిపేది ఎవరు? అమ్మ. పైగా ఆమెకు ఏళ్లనాటి పొడి దగ్గు. ఇంకేం కావాలి వాళ్లకు!

మొదట అడ్డు చెప్పింది గోడవతల అత్త. నాయనను నోరారా అన్నా అని పిలిచే మనిషి. మా చారు వాళ్లింటికి వెళ్లని, వాళ్ల పప్పు మా ఇంటికి రాని రోజు ఉండేది కాదు. అచ్చు అతకడానికి వెళ్లిన అమ్మను గడప బయటే నిలిపేసింది.

"వద్దులే వదినా. ఇంట్లో పిల్లోళ్లుండారు."

అమ్మ తిరిగి వచ్చింది. కొద్దిరోజుల్లోనే వీధంతా అదే మాట అంది.

ఆ రోజుల్లోనే మన రక్షణ మంత్రి చైనా వెళ్లి, అక్కడి పెద్దలను కలిసి వచ్చాడు. నాయన ఆ పేపరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు.

"ఏమమ్మా, మంత్రి ఆ దేశానికే పోయి మాట్లాడి వచ్చినాడు. నా పెండ్లాం నీ గడప తొక్కకూడదా?"

"మంత్రి ఆ దారం నోట్లో పెట్టుకున్నాడా అన్నా?" అంది అత్త.

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన పేపరు మడిచి మగ్గం గుంటలోకి దిగాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్ని కొండలు అడ్డున్నా రెండు దేశాల మధ్య రాకపోకలు సాగాయి. మా రెండిళ్ల మధ్య ఉన్నది నడుమెత్తు మట్టిగోడ.

వానలు రాలేదు కానీ జబ్బు సద్దుమణిగింది. ప్రధాని కూడా చైనా వెళ్లి వచ్చాడు. ఒకరోజు అత్త, ఏమీ జరగనట్టే, గోడ మీదుగా పిలిచింది.

"వదినా, అచ్చు అతకల్ల. రారాదా?"

అమ్మ వెళ్లకూడదని ఎంత కోరుకున్నానో! అమ్మ లేచింది. గ్లాసులో నీళ్లు ముంచుకుంది.

"నీళ్లకు జారిపోతాదంటివే?" అన్నాను.

ఆమె గ్లాసు పట్టుకుని వాళ్లింటికి నడిచింది. అత్త ఆ గ్లాసు చూసింది. ఎందుకని అడగలేదు, వద్దనీ అనలేదు. జారిన అతుకులను మళ్లీ మళ్లీ మెలిపెడుతూ అమ్మ పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది.

ఆ తర్వాత మా సొంత మగ్గానికి అతికేటప్పుడు కూడా గ్లాసు పక్కనే ఉండేది. సూదిలో దారం ఎక్కించాలన్నా, కొస తడపమని నన్నే పిలిచేది. జబ్బు మా వీధికి రానే లేదు. తన నోట్లో ఏదో ఉందన్న అనుమానం మాత్రం అమ్మను చివరిదాకా వదల్లేదు.