చిన్న సీసాలో ఐదు ఎమ్మెల్

"నాన్నా, ఫార్మకాలజీ, అదే మందుల పాఠం, మాకెలా సెప్పారో అభిప్రాయం రాసిమ్మన్నారు. ఏటి రాయను?" అని పొద్దున మా చిన్నమ్మాయి శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసింది. మెడిసిన్ మూడో ఏడు. "జరిగింది రాయమ్మా" అన్నాను.

నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆమదాలవలస రైస్ మిల్లులో కాటా దగ్గర నిలబడి లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. దేని మీదైనా అంకె చదవందే నా చెయ్యి ముందుకు పోదు. పప్పు పొట్లాన్నీ వదలనని మా ఆవిడ వెక్కిరిస్తుంది. చిన్నదేమో మందుల పేర్లను పాటలు కట్టి బట్టీపట్టేది. సెలవులకొస్తే ఇల్లంతా ఆ పాటలే.

పోయిన వానాకాలం మా ఇంటికొచ్చిన పెద్దమ్మాయి బిడ్డకి జ్వరమొచ్చింది. ఎనిమిది కిలోల పసివాడు. చెల్లెలికి ఫోన్ చేస్తే పారాసెటమాల్ కిలోకి పదిహేను మిల్లీగ్రాముల చొప్పున నూట ఇరవై అనీ, సిరప్‌లో అది ఐదు ఎమ్మెల్‌కి వస్తుందనీ లెక్కకట్టి, "ఐదు ఎమ్మెల్ పొయ్యక్కా" అందట. మధ్యాహ్నం నేను మిల్లు నుంచి వచ్చేసరికి రెండుసార్లు పోయడం అయిపోయింది. మూడోది చేతిలో ఉంది. సీసా మరీ చిన్నదిగా కనబడితే తీసుకుని చదివాను. అది సిరప్ కాదు, చుక్కల మందు. ఒక్క ఎమ్మెల్‌లోనే వంద మిల్లీగ్రాములు. పెద్దమ్మాయి డ్రాపర్ పక్కన పడేసి, పాత సిరప్ మూతతో కొలిచింది. పూటకి ఐదు వందలు. రెండు పూటలకి వెయ్యి.

"ఆపు!" అన్నాను.

"ఏటైనాది నాన్నా? మన డాక్టరమ్మే సెప్పింది కదా!" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

శ్రీకాకుళం ఆసుపత్రికి ఆటోలో వెళ్లాం. చిన్నది తన స్నేహితురాలితో పరిగెత్తుకొచ్చింది. వరండాలో ఆ స్నేహితురాలే నోరు విప్పింది: "మందు లోపల ఏటి సేస్తాదో పది పేజీలు రాసేస్తాం బాబాయ్. పరీక్షలో అదే అడుగుతారు. సీసా మాత్రం ఒక్కరోజూ మా సేతికివ్వలేదు."

"సీసా మీద ఏటుందో సదవమని అక్కకి సెప్పాలని నాకే తోచలేదు" అంది మా చిన్నది గోడకేసి చూస్తూ.

రక్తం తీసుకున్న డాక్టరు, ఈ మందు ఎక్కువైతే దెబ్బతినేది లివరేననీ, దాని సంగతి ఇప్పుడే చెప్పలేమనీ, రెండ్రోజులు చూసి మళ్ళీ పరీక్ష చేయాలనీ అన్నాడు. సాయంత్రానికి జ్వరం దిగి వాడు నవ్వుతూ నా మీసం లాగాడు. లోపల దెబ్బ తగిలినా పైకి ఇలాగే ఉండొచ్చని డాక్టరు అన్నందుకు, ఆ నవ్వును నేను నమ్మలేకపోయాను.

మూడో రోజు పరీక్షలో ఏ దోషమూ లేదని తేలింది. అప్పటిదాకా గంటలు లెక్కపెట్టడమే తప్ప, నేను నేర్చిన ఏ లెక్కా కాలాన్ని ఒక్క గంటైనా ముందుకు జరపలేకపోయింది.