పీనుగుల రాజయ్య సమాధి రాయి

2018 ఎండాకాలం. కరీంనగర్ బైపాస్ రోడ్డు పక్కన నా గ్రానైట్ షాపు. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కడం నా పని. దీన్ని శాండ్‌బ్లాస్టింగ్ అంటారు. అక్షరాలు కత్తిరించిన స్టిక్కర్‌ను రాయికి అంటించి గాలితో ఇసుక కొడితే, ఖాళీ ఉన్నచోట రాయి లోతుగా తెగుతుంది. ఒకసారి తెగిందంటే చెరపడం ఉండదు.

పెద్దపల్లి వైపు నుంచి ఒకాయన తండ్రి రాయి కోసం వచ్చాడు. రాసిచ్చిన కాగితంలో 'కీర్తిశేషులు రాజయ్య' అని మాత్రమే ఉంది. ఇంటిపేరు అడిగాను. గొంతు తగ్గించి, "పీనుగుల" అన్నాడు. "అది వద్దన్నా. పిల్లలకు సంబంధాలు చూస్తున్నం. వాళ్లకు బడిలనే ఇంటిపేరు మార్పిచ్చిన."

"మంచి పని చేసినవ్" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాయి తీసుకుపోయే రోజు తల్లిని వెంట తెచ్చాడు. ఆమెకు చదువు రాదు.

"జర సదువు బిడ్డా" అంది.

కొడుకు ఆమె వెనక నిలబడి, ఇంటిపేరు కలిపి చదవమని కళ్లతో సైగ చేశాడు. గిరాకీ మాట కాదనలేక, "కీర్తిశేషులు పీనుగుల రాజయ్య" అని చదివేశాను.

ఆమె ముఖం విప్పారింది. "గా పేరు ఊకె రాలే బిడ్డా. ఎనుకట గత్తర రోగమొచ్చి ఊరంత సస్తుంటె సొంతోళ్లు సుత పీనుగును ముట్టలే. మా మామోళ్ల తాత ఒక్కడే బండి కట్టి, ఏ కులమని సూడక అందర్ని సాగనంపిండు. ఆఖరికి గాయిన సుత గత్తరతోనే పాయె. గప్పటిసంది మమ్ముల గట్లనే పిలుస్తుండ్రు. మా ముసలాయన గా పేరు రొమ్ము ఇరుసుకొని చెప్పుకునేటోడు." అని, రాయి వైపు చెయ్యి చాపింది. "ఏది, ఇంటిపేరు ఏడున్నది?"

నిజం చెప్పడానికి అదే అదను. నేను ఆమె వేలు పట్టుకుని 'కీర్తిశేషులు' మీద పెట్టాను. ఆ అక్షరాలు తడిమి, వేళ్లు కళ్లకద్దుకుంది. కొడుకు తల దించుకున్నాడు.

మరుసటేడు ఆమె పోయింది. ఆమె రాయి కోసం మళ్లీ అతనే వచ్చాడు. ఈసారైనా ఇంటిపేరు పెడదామని బతిమాలాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "బాపు రాయి మీద లేకపాయె. పక్కపక్కన రెండు తీర్లుంటే అడిగినోళ్లకు ఏమని చెప్పాలన్నా?"

ఆమె పేరు కూడా ఇంటిపేరు లేకుండానే చెక్కాను.

ఇప్పుడు స్టిక్కర్ అంటించకముందే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు ఫోన్ కలపమని, పేరు ఎలా ఉండాలో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ అలవాటు నాకు నేర్పిన మనిషికి మాత్రం అబద్ధం చదివి పంపాను.