చోడవరంలో షోయూకెన్

2023 వేసవి. చోడవరం రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే నా గదికి రోలుగుంట రైతు అప్పలనాయుడు వచ్చాడు. చెరకు వేసే ఎకరం అమ్ముతున్నానని, కాగితాలు రాయమని అడిగాడు. ఆయనకున్నది ఆ ఎకరమే.

"ఎందుకు అమ్మేస్తన్నారు?" అన్నాను.

"మా గుంట జపాన్‌లో ఇల్లు కొంతంది బాబూ. కాసింత తక్కువైనాదట."

కూతురు లావణ్య అక్కడ వృద్ధాశ్రమంలో పని చేస్తోంది. పక్కవాడి దస్తావేజు కనిపిస్తే చదవకుండా ఉండలేని రకం నేను. జపాన్ ఇల్లంటే ఊరుకుంటానా? వీడియో కాల్ కలపమన్నాను.

"అక్కడ యాజమాన్య హక్కుని ఏమంటారమ్మా?"

"షోయూకెన్ అంటారండి. ఇల్లు పూర్తిగా నా పేరనే ఉంటాది."

ఆ మాట నాకు భలే నచ్చింది. మా దస్తావేజులో షెడ్యూల్ అని ఉంటుంది, ఆస్తి హద్దులు రాసే భాగం. ఇల్లు అమ్మినా అందులో ముందు నేలే వస్తుంది. అలవాటుగా, "స్థలం ఎంతమ్మా?" అని అడిగాను.

"స్థలం నాది కాదండి. ఇక్కడ నేలకి వేరే రిజిస్ట్రేషన్, ఇంటికి వేరే. నాకు ఇంటి మీదే షోయూకెన్. నేల లీజు. గడువు తీరితే ఇల్లు పడగొట్టి అప్పగించాలి. అందుకే చవగ్గా వస్తంది."

ఆ అమ్మాయి ఏదీ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే. నేలనీ ఇంటినీ విడదీయడం నా బుర్రకెక్కలేదు గానీ, అప్పలనాయుడు తాపీగా తలూపాడు.

"మన సింతసెట్టు లాగన్నమాట. నేల పక్కోళ్లది, సెట్టు మనది. కాయ కోసుకుంటే ఎవులూ అడిగీవోరు కాదు."

"అంతే నాన్నా!" అంది లావణ్య సంబరంగా.

"మరి గాలివానకి పడిపోనాది కదే. కట్టెలు తెచ్చుకున్నాం. ఆ గోతిలో మళ్లీ మొక్క పాతనిచ్చేరేటి?"

ఆయనే మళ్లీ, "నీకు కావాలంటే సెప్పు, ఇప్పుడే సంతకం ఎట్టేస్తాను" అన్నాడు.

"వద్దు నాన్నా. అద్దెకే ఉంటాను. పొలం అమ్మకు."

హక్కు ఎంత సంపూర్ణమైనా, అది దేని మీదో, ఆ వస్తువు పోయాక చేతిలో ఏం మిగులుతుందో అడగాలని ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్లలో రాయకుండా పంపేసి సంతోషించిన దస్తావేజు నాకు అదొక్కటే.