ఇంకో వారం కావాలి

ఆఫీసులో డౌటు మాస్టారని పేరుపడ్డ పెద్దాయనకి లోకంలో గిట్టనిది ఒక్కటే: ఏ పరీక్షయినా మొదటిసారే పాసవడం. ఫెయిలైందంటే మాత్రం ఆయన మొహం చేటంత అయ్యేది.

ఇంట్లోనూ ఇదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందని భార్య అంటే, "ఉప్పు లేకుండా ఒకసారి వండితే కదా తెలిసేది?" అన్నారట. ఆవిడ వారం రోజులు ఉప్పు లేకుండానే వండిపెట్టింది. మాస్టారు కిక్కురుమనకుండా తిన్నారు.

"ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా?"

"కుదిరిందే. నా నాలుక పనిచేస్తోంది."

ఆఫీసులో పొగ వస్తే మోగే గంటను కొత్తగా బిగించినప్పుడు, దాని కింద కాగితం వెలిగించింది కూడా ఆయనే. మూడంతస్తుల జనం పడుతూ లేస్తూ వీధిలోకి పరుగెత్తితే, మాస్టారు చివరగా తాపీగా దిగివచ్చి, "ఫరవాలేదు, మోగుతోంది" అన్నారు.

ఆయన పక్క బల్ల కొత్తమ్మాయిది. చేరి ఎనిమిది నెలలైనా పేరు కొత్తమ్మాయే. కంప్యూటర్లో పనులన్నిటి మీదా పెత్తనం చేసే కెర్నెల్ ఎంత భద్రంగా ఉందో చూసే పరీక్షలు ఆమె చేతిలో ఉన్నాయి. ఒక్కో పరీక్షా ఒక్కో దొంగ. వెళ్ళకూడని చోటికి వెళ్ళబోతుంది. కెర్నెల్ పట్టుకుంటే పాస్. అవన్నీ పాత ప్రాసెసర్ భాషలో రాసినవి. వాటిని కొత్త ప్రాసెసర్ మీదికి తేవాలి. ఆ ప్రాసెసర్ ఆసుపత్రుల్లో ఊపిరి అందించే యంత్రాల్లోకి వెళుతుంది. ఈ పని అయితే కొత్తమ్మాయి ఉద్యోగమూ ఖాయమవుతుంది.

ఆ పని మొదలెట్టిన మూడు నెలలకి ఒక మధ్యాహ్నం. బయట సన్నటి వాన. యంత్రాల హోరుకి గదంతా నీళ్ళ అడుగున మగతగా పడుకున్నట్టుంది. తెరమీద, పాసైన పరీక్షకొకటి చొప్పున, నలభై ఒక్క ఆకుపచ్చ గీతలు ఒకదాని వెనక ఒకటి తేలుతూ వచ్చాయి. కొత్తమ్మాయికి తనూ నేలకి జానెడు ఎత్తున తేలుతున్నట్టనిపించింది. ఆ తేలికలోనే మేనేజరుకి కబురు పంపేసింది.

"మాస్టారూ, అన్నీ పాసయ్యాయి!"

"అయ్యయ్యో," అన్నారు మాస్టారు, రోగిని పలకరించడానికి వచ్చినవాడిలా. "ఒక్కటైనా పోలేదా? చిన్నది?"

"లేదండీ."

"అయితే కాపలా తీసేసి చూద్దాం."

కెర్నెల్లో దొంగల్ని పట్టే భాగాన్ని ఆయన తీసేశారు. కెర్నెల్ మళ్ళీ తయారై పరీక్షలు నడిచేదాకా ఇద్దరూ కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూస్తూ కూర్చున్నారు. చినుకులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. ఎంతసేపైందో కొత్తమ్మాయికి తెలియలేదు.

నలభై ఒకటీ మళ్ళీ పాసయ్యాయి.

"కాపలా లేకుండా దొంగలెలా దొరికారండీ?" అంది కొత్తమ్మాయి.

"అసలు ఇంట్లోంచి బయల్దేరితే కదమ్మా!"

వెతికితే అరగంటలో దొరికింది. మొదటిరోజు, పని కదలడం కోసం ఆమే రాసుకున్న ఒక్క ముక్క: కొత్త ప్రాసెసర్ అయితే ఏమీ చెయ్యకుండా పాసని చెప్పు. తర్వాత తీసేద్దామనుకుని మరిచిపోయింది. మూడు నెలల చాకిరీ అంతా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

అంతలో మేనేజరు నవ్వుతూ వచ్చాడు. "రేపు పంపించేద్దామా?"

కొత్తమ్మాయి నోరు తెరిచేలోపే మాస్టారు లేచారు. "నాకు డౌటుగా ఉందండీ. ఇంకో వారం కావాలి."

"మళ్ళీనా మాస్టారూ! మీ డౌటు మమ్మల్ని ముంచేలా ఉంది."

"ఏం చెయ్యను, పుట్టుకతో వచ్చిన జబ్బు."

మేనేజరు తల పట్టుకుని వెళ్ళిపోయాడు. గదిలో అందరూ మాస్టార్ని చూసి నవ్వారు. ఆయనా నవ్వారు.

"తప్పు నాదైతే మాట మీరెందుకు పడ్డారండీ?"

"నిజమే కదమ్మా చెప్పాను, డౌటుగానే ఉంది. నువ్వు దిద్దు. తర్వాత నీ చేత్తోనే మొత్తం రాసిచ్చెయ్. తప్పొక్కటే చెప్తే తిడతారు. దిద్దుబాటుతో కలిపి చెప్తే వింటారు."

ఐదో రోజుకి దొంగలు నిజంగా బయల్దేరారు. కాపలా లేనప్పుడు నలభై ఒకటీ ఫెయిల్. మాస్టారు ఆనందం పట్టలేక కుర్చీలో గిర్రున తిరిగారు. కాపలా పెట్టాక ముప్పై తొమ్మిది మంది దొరికారు. ఇద్దరు మాత్రం దర్జాగా లోపలికి నడిచిపోయారు. కొత్త ప్రాసెసర్ మీద కెర్నెల్లో నిజంగానే కన్నం ఉంది. ఊపిరి యంత్రాల్లోకి వెళ్ళేలోపే దాన్ని పూడ్చేశారు.

కొత్తమ్మాయి జరిగిందంతా ఒక్క అక్షరం దాచకుండా రాసి మేనేజరు ముందు పెట్టింది. ఆయన నిదానంగా చదివాడు. తలుపు వేసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు.

"దిద్దడానికి నీకెన్ని రోజులు పట్టిందమ్మా?"

"ఐదు రోజులండీ."

"నయమే. నేను చేరిన కొత్తలో మాస్టారు నాకూ ఒక వారం ఇప్పించారు," అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి. "నాకు ఏడు రోజులూ చాల్లేదు."