మూడో కంటిలో తీగ

ఈ రోజుల్లో గొడవ లేచిన సినిమా ఏదైనా సరే, దాన్ని ఒకడు బాగాలేదన్నాడంటే, ఎందుకు బాగాలేదన్నాడో చదివే నాథుడు కనిపించడు. వేలితో ఫోను తెరని సర్రున కిందికి తోసి, రాసినవాడి పేరు చూసి, పేరును బట్టి మతం తేల్చి, మతాన్ని బట్టి కారణం తేల్చి పారేస్తారు. ఆ పాపిష్ఠివాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన నాలుగు పేరాలూ దండగ. మా కాలంలో ఇలా ఉండేది కాదు అని ఒక్క మాట అనాలని నాకూ సరదాగానే ఉంది. ఈ వయసులో మనిషికి మిగిలే సుఖాల్లో అదొకటి. కానీ అనలేను. మా కాలంలోనూ ఇంతే. కాకపోతే అప్పుడు పేరు చూడ్డానికి పేజీ తిప్పాలి, తిట్టడానికి పోస్టు కార్డు కొనాలి. ఆ మాత్రం శ్రమపడి తిట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కొంచెం గౌరవం ఉంది.

అప్పట్లో నేను మద్రాసు కోడంబాక్కంలో ఒక తెలుగు సినిమా వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. బడి చదువు అయిదో క్లాసుతో సరి. మిగతా తెలుగంతా గోడల మీది పోస్టర్లూ, పొట్లాలు కట్టిన కాగితాలూ, అట్టలూడిన ఒక పాత నిఘంటువూ నేర్పినవే. (అందుకే 'అ' నుంచి 'న' దాకా ఎంత పెద్ద మాటయినా నాకు లెక్కలేదు. ఆ తర్వాతి పేజీలు ఎలకలు తిన్నాయి.) పత్రిక సంపాదకుడు ఎప్పుడూ నశ్యం పీలుస్తూ ఉండేవాడు కనుక చాటున ఆయన్ని ముక్కుపొడి అనేవాళ్లం. మాలాగే నెల్లూరు నుంచి ఎప్పుడో వచ్చి మద్రాసులో కుదురుకున్న కుటుంబం ఆయనది. సినిమాలు చూసి విమర్శ రాయడానికి వేరే ఒక పండితుడుండేవాడు. ఆయనకి ఒక్క వారం, మరీ పెద్ద జబ్బు కాకుండా, ఏదైనా చిన్నది చేస్తే బాగుండునని నా కోరిక. ఆ జాగాలో నా పేరు అచ్చులో చూసుకోవాలి. అంతకు మించి జీవితంలో నాకేమీ అక్కర్లేదనిపించేది.

అలాంటప్పుడు ఒక అమ్మవారి సినిమా వచ్చింది. అందులో అమ్మవారు పల్లెపిల్ల వేషంలో తిరనాళ్లకు పోయి డాన్సు చేస్తుంది. అది విడుదల కాకముందే భక్త సంఘాలు పోస్టర్లకి పేడ కొట్టాయి. పొగిడితే భక్తులు ఊరుకోరు, తెగిడితే ప్రకటనలిచ్చే నిర్మాత ఊరుకోడు. ప్రీవ్యూ రోజు పండితుడికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. (మతం వల్ల విమర్శకుల కళ్లు మూసుకుపోతాయా అని ఇప్పుడు టీవీల్లో అరుచుకుంటున్నారు. మూసుకుపోవని నేననను. ఆ కడుపునొప్పిది ఏ మతమో మాత్రం నాకు నేటికీ తెలియదు.) ముక్కుపొడి నన్ను పిలిచి, "అబ్బయా, నువ్వు పోయి చూసిరా. చూసింది చూసినట్టు రాయి, సొంత తెలివి మాత్రం చూపించబాక" అన్నాడు.

నేను చూసింది చూసినట్టే రాశాను. డాన్సు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు (వయసు అటువంటిది). నా బాధల్లా పతాక సన్నివేశంతో వచ్చింది. అమ్మవారు రాక్షసుణ్ణి చూసి మూడో కన్ను తెరిచింది. కంట్లో ఎర్ర బల్బు వెలిగింది. ఆ బల్బు నుంచి ఒక తీగ అమ్మవారి చెవి వెనకగా దిగి, జడ వెంబడి పోయి, సింహం కడుపు కింద మాయమైంది. నేను ఇట్లా రాశాను: 'అమ్మవారి మూడో కంట్లో కరెంటు తీగ కనిపించింది. రాక్షసుడు కోపానికి చచ్చాడా, షాకు కొట్టి చచ్చాడా అన్నది తేలలేదు.' కింద నా పేరు అచ్చయింది: మస్తాన్.

నెల్లూరు వైపు వాళ్లు ఈ పేరా వదిలేసి ముందుకు పోవచ్చు, వాళ్లకి తెలిసిందే. పుట్టిన పిల్లలు దక్కకపోతే మా వైపు దర్గాలో మొక్కుకుంటారు. దక్కితే ఆ సామి పేరే పెడతారు. మా వీధిలో విభూతి పెట్టుకునే మస్తానయ్యలూ, తులసికోట చుట్టూ తిరిగే మస్తానమ్మలూ కోకొల్లలు. నాకు ముందు పుట్టినవాళ్లెవరూ నిలవక మా అమ్మ మొక్కుకుంటే నేను నిలిచాను. అమ్మకి చదువు రాదు. అయినా ఆ వారం పత్రికని మడిచి కొంగున దోపుకుని, మాధవరం పాల కాలనీలో తను పనిచేసే ఇళ్లన్నిట్లో నా పేరు వేలు పెట్టి చూపించింది. (వేలు ఒక్కోసారి పక్కనున్న పళ్లపొడి ప్రకటన మీద పడేది. ఎవరూ తప్పనలేదు.)

కానీ పత్రిక చదివే జనమంతా నెల్లూరు వాళ్లు కారు గదా. కార్డులు రావడం మొదలైంది. సినిమా మీద పేడ కొట్టినవాళ్లు, 'డాన్సును తప్పు పట్టలేదు, సాయిబుకేం నొప్పి' అన్నారు. సినిమా మెచ్చినవాళ్లు, 'అమ్మవారి కంటిని వెక్కిరించాడు, సాయిబు కదా' అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ రెండు పక్షాలనీ ఏకం చేసిన ఘనత నాది. తీగ కనిపించిందా లేదా అని ఒక్కడూ రాయలేదు. నిర్మాత అయితే, ఆ సాయిబు రాసినంత కాలం ప్రకటనలివ్వనని కబురు పెట్టాడు.

ముక్కుపొడి రెండు ముక్కులా పొడి ఎక్కించి, పండితుడి కడుపునొప్పి ఇంకా తగ్గలేదు కనుక విమర్శ కాలమ్ నాకే ఉంచుతాను, పేరు మాత్రం మార్చుకోమన్నాడు. ఇంటికి పోయి అమ్మతో చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపింది.

"సామి ఇచ్చిన పేరు తీసి అవతల పెడతావా? రేపు నేను ఆడికి పోయి ఏం మొహం పెట్టుకుని నిలబడేది?"

ఆ మాటే ముక్కుపొడికి చెప్పాను, మార్చనని. ఆయన వాదించలేదు. చుమ్మా, ఊరికే ఆ విమర్శనే మళ్లీ కొంచెం గంభీరంగా రాసివ్వు, రెండో అభిప్రాయం అని వేద్దాం, అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నిఘంటువు ముందేసుకుని కసిగా రాశాను: 'జగన్మాత త్రినేత్రమునందు తంత్రీ దర్శనము కలుగుట చిత్రమునకు కళంకము. దనుజుడు ఉగ్రదృష్టికి గతించెనో, తటిద్ఘాతమునకు గతించెనో గోచరింపకున్నది.' అదే బల్బు, అదే తీగ, అదే షాకు. అచ్చయ్యాక చూస్తే కింద 'శాస్త్రి' అని ఉంది. నన్ను అడగనే లేదు.

మళ్లీ కార్డులు. ఎంత భక్తి, ఎంత ఆవేదన, శాస్త్రం తెలిసినవాడు గనుకనే ఆ దోషం పట్టుకున్నాడు, మొన్నటి వెక్కిరింపు ఎక్కడ, ఈ హితవు ఎక్కడ, అని. నేను ఆ కార్డులన్నీ చదువుతూ నా మీద నేనే అసూయపడ్డాను. తర్వాత నిర్మాతే స్వయంగా కారు దిగాడు. గోదావరి మనిషి, చేతిలో పట్టు అంచు శాలువా. శాస్త్రిగారిని చూడాలండీ అన్నాడు. ముక్కుపొడి అటూ ఇటూ చూసి, వేరే గతి లేక, నన్ను ముందుకు తోశాడు.

నిర్మాత నన్ను ఎగాదిగా చూసి, ఇంత చిన్నవయసులో ఇంత పాండిత్యమా అని పొంగిపోయి, తమరి గోత్రమేంటండీ అని అడిగాడు. ముక్కుపొడి నా వెనక నుంచి దగ్గుతున్నాడు. అమ్మ వేలు గుర్తొచ్చింది నాకు.

"నా పేరు మస్తాన్ అండీ. మొదటిదీ నేనే రాశా, రెండోదీ నేనే రాశా" అన్నాను.

శాలువా గాల్లోనే ఆగింది. ముక్కుపొడి మధ్యలో దూరి, మనోడే అయ్యా, దర్గా మొక్కుబడి పేరు, నుదుటిన విభూతి చూడండి, అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. నిర్మాత మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఆ మాట ముందే చెప్పొద్దుటండీ? మనవాడే చెప్పాడంటే మరి తీగ కనబడినట్టేనండీ. రేపే కత్తిరించేస్తాం" అని శాలువా నా భుజాల మీద కప్పాడు.

నాకు కాలమ్ తిరిగొచ్చినట్టే. పేరూ నిలిచినట్టే. వంగి దండం పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ నోరు ఊరుకోలేదు.

"నేను నిజంగా సాయిబునే అయితే ఆ తీగ కనబడదా అండీ?"

నిర్మాత కాఫీ సగంలో వదిలి కారెక్కాడు. ప్రకటనలు పూర్తిగా ఆగాయి. పండితుడి కడుపునొప్పి తగ్గింది. నేను మళ్లీ ప్రూఫుల్లోకి వచ్చి పడ్డాను, ఆ పత్రిక మూతబడేదాకా నా పేరు మళ్లీ అచ్చు కాలేదు. "నీ నోటికి తాళం వెయ్యాల్రా" అన్నాడు ముక్కుపొడి, అంత కోపంగా ఏమీ కాదు. శాలువా మాత్రం నా దగ్గరే మిగిలింది. దాన్ని అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, అంచు బాగుందని మెచ్చుకుని, ఆ ఏడు మా ఊరికి పోయినప్పుడు దర్గాలో సామికి కప్పి వచ్చింది. అమ్మవారి సినిమా శాలువా అక్కడ కప్పొచ్చా అని ఆమెకి సందేహమే రాలేదు. నేనూ రానివ్వలేదు.

మొన్న మళ్లీ ఒక దేవుడి సినిమా మీద దేశమంతా కొట్టుకుంటుంటే, మనవరాలి వెంట పోయి చూసి, మా అపార్టుమెంటు తెలుగువాళ్ల ఫోను గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. మొదటి సగం నిద్ర పట్టిస్తుంది, రెండో సగం ఆ నిద్ర చెడగొడుతుంది, అని. నిమిషం కాలేదు, పై అంతస్తులో కొత్తగా దిగిన కంప్యూటరు కుర్రాడు అడిగాడు: "అంకుల్, ఏమనుకోకండి, మీరు ముస్లిమా?"

మొక్కుబడి కథంతా టైపు చేయడం మొదలుపెట్టాను. సగంలో, శాలువా కప్పించుకోవడానికి ఎవరిముందో భుజాలు వంచుతున్నట్టు అనిపించింది. రాసిందంతా చెరిపేసి, "నువ్వు సినిమా చూశావా నాయనా?" అని మాత్రం అడిగాను.

"ఇంకా లేదంకుల్" అన్నాడు.

ప్రూఫులు దిద్దే ఆ మస్తానైతే ఇంకో నాలుగు అంటించి ఉండేవాడు. నేను, "చూసిరా, మాట్లాడుకుందాం, కాఫీకి ఇంటికి రా" అని రాశాను. వాడొస్తే నా నుదుటినో, గోడల మీది పటాలనో చూసి తన లెక్క తను వేసుకుంటాడు. వేసుకోనీ. ఈ మర్యాద నాకు ఎప్పుడు పట్టుబడిందో తెలియదు గానీ, అప్పుడే పట్టుబడి ఉంటే ఈపాటికి నేను పెద్ద విమర్శకుణ్ణి అయ్యుండేవాణ్ణి. పాపం ఆ కుర్ర మస్తాన్‌కి నిర్మాతని ఆ ఒక్క ప్రశ్న అడగడమే వచ్చు.