ఉరవకొండలో వైపర్లు మార్చుకుని రాయదుర్గం చేరిన మగ్గం

మగ్గాన్ని ధర్మవరం నుంచి రాయదుర్గానికి తీసుకుపోతానని చెప్పినప్పుడు మా వీధిలో చాలామంది అదేదో విడ్డూరంలా చూశారు. రాయదుర్గం జీన్సు ప్యాంట్ల ఊరు. ఏ సందులో నడిచినా కుట్టు మిషన్ల చప్పుడే వినిపిస్తుంది. మా ఆయన అక్కడే ఒక యూనిట్‌లో కటింగ్ మాస్టరు. పెళ్లయి వెళ్ళాక నేనూ కొన్నేళ్ళు జిప్పులు కుట్టాను. చేతికి వచ్చిన పని మాత్రం పట్టుచీర నేయడం, అదీ మా నాయన దగ్గర నేర్చుకున్నది. ఈ ఏడాది నాయనకు మోకాళ్ళు సహకరించక, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగలేకపోతున్నారు. మగ్గం మీద పడుగు, అంటే కొన్ని చీరలకు సరిపడే నిలువు పట్టుపోగులు, ఇంకా ఉంది, మొదటి చీర సగంలో ఆగిపోయింది. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు మంచివాడు కాబట్టి పడుగు వెనక్కి ఇమ్మని అడగలేదు, శ్రావణమాసం పెళ్ళిళ్ళకు అందితే చాలన్నాడు. మిగిలింది నేను నేస్తానని నాయనకు మాటిచ్చాను. మా ఆయన రాయదుర్గంలో ముందుగదిలో గుంట తవ్వించాడు. మగ్గం దగ్గరుండి బిగిస్తానని నాయన కూడా బయల్దేరారు. ప్రయాణం అలా మొదలైంది.

ఈ దారిలో సామాను వేసుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. ధర్మవరం నుంచి రాయదుర్గానికి కళ్యాణదుర్గం మీదుగా వెళితే దగ్గర. మేము అనంతపురం, కూడేరు, ఉరవకొండ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. దానికి కారణం బండి నడిపిన ఓబులేసన్న. ముదిగుబ్బ దగ్గరి పల్లె ఆయనది. మెట్ట సేద్యం చేస్తూ, ఖాళీగా ఉన్నప్పుడు పాత పికప్ బండి బాడుగకు తిప్పుతాడు. ఆ రోజు ఆయన ఉరవకొండలో తన బావమరిదికి విత్తనాల మూటలు దించాలి. దారి కలిసొస్తుందని బాడుగ నాలుగు వేలకే ఒప్పుకున్నాడు. నేరుగా వెళ్ళేవాళ్ళు ఇంకొంచెం ఎక్కువే అడుగుతారు.

తెల్లవారుతూనే సామాను ఎక్కించాం. మగ్గం కొయ్యలు, చీర మీద బుటాలు తీర్చే జాకార్డు పెట్టె, వాటి పక్కన ఓబులేసన్న మూటలు. పడుగు చుట్టిన కొయ్య మనిషి కంటే పొడవు, ముందు సీట్లోకి పట్టదు. దాన్ని రెండు దుప్పట్లలో చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టి, అన్నిటి మీదా టార్పాలిన్ కప్పాం. నాయన వెనకాలే కూర్చుంటానని పట్టుబట్టారు.

"పడిపోతావు మామా, ముందుకు రా. నీ పట్టు యాడికీ పోదు లే" అని ఓబులేసన్న చెయ్యి పట్టి దించాడు.

అనంతపురం శివార్లలో ఇడ్లీలు తిని కూడేరు దాటేసరికి ఎండ చురుక్కుమంటోంది. దారికి రెండు వైపులా దున్ని పెట్టిన ఎర్రటి చేలు. ఆషాఢం చివరికి వచ్చినా చాలా చోట్ల విత్తనం పడలేదు. నేను ఓబులేసన్నను, మీరు ఎంత వేశారని అడిగాను.

"ఏం ఏయలేదమ్మా. ఈ తూరి ఏసేదే లేదు. ఆ మూటలు నా విత్తనమే. మా బావమరిదిది నల్లరేగడి, కొంచెం తడి ఆగుతాది. వాడన్నా ఏసుకోని."

"మరి మీ చేను?"

"పడుకోనుంటాది" అన్నాడు, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "మూడు తూర్లు ఏసినా. మూడు తూర్లూ మొలకలు ఎండిపాయ. ఇంగ నావల్ల కాదు."

గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది అప్పుడే. ఓబులేసన్న బ్రేకు వేసి బండి ఆపాడు. మరుక్షణం మా వెనక వస్తున్న లారీ టైర్లు కీచుమని రాసుకున్న చప్పుడు. అద్దంలోకి చూస్తే లారీ ముఖం మా టార్పాలిన్‌కు జానెడు దూరంలో ఉన్నట్టు కనిపించింది. లారీ డ్రైవరు దిగి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అతను చెమట తుడుచుకుంటూ నిదానంగానే అడిగాడు.

"ఏమప్పా, బ్రేకు ఏసినావని నాకు ఎట్ల తెలియల్ల? ఎనక ఒక్క లైటూ ఎలగల్యా."

ఓబులేసన్న దిగి చూశాడు. నన్ను బ్రేకు తొక్కమన్నాడు. రెండు వైపులా చీకటే. లారీ డ్రైవరు వెళ్ళిపోయాడు. నాయన మాత్రం టార్పాలిన్ మీద, సరిగ్గా పడుగు ఉన్న చోట చెయ్యి వేసి తడిమి చూశారు. లారీ తగిలి ఉంటే ముందు దెబ్బ తినేది అదే.

పదకొండు గంటలకు ఉరవకొండ చేరాం. బావమరిది ఇంట్లో మూటలు దించి మజ్జిగ తాగి బయటికొచ్చేసరికి పడమటి ఆకాశం నల్లబడి ఉంది. బస్టాండు దగ్గర విడిభాగాల దుకాణం కనిపిస్తే బండి ఆపించాను. దుకాణం వలీ భాయ్‌ది. మెకానిక్ ఉన్నాడా అంటే తల అడ్డంగా ఊపాడు.

"వాడు గుంతకల్లుకు పెండ్లికి పోయినాడమ్మా. సామాను ఇస్తా, స్క్రూ డ్రైవర్ ఇస్తా. బిగించుకునేది మీరే."

బల్బుల కోసం ముందు లైట్లు కూడా వేసి చూశాం. కుడివైపుది వెలగలేదు. ఇంతలో నా కన్ను వైపర్ల మీద పడింది. రబ్బరును వేలితో తాకితే పెళుసుగా ముక్కలై రాలింది. ఈ సీమలో వైపర్లు వానకు అరగవు, ఎండకు కాలిపోతాయి. వాడకపోయినా పాడవుతాయి. ఇవీ మార్చుదామన్నాను.

"లైట్లు మార్చు, కాదనను. వైపర్లు యాలమ్మా" అన్నాడు ఓబులేసన్న. "వాన కోసరం ఏమన్నా చేసేది మానుకున్యా నేను. చేసినప్పుడంతా అది రాల్యా."

కోపం కాదు అది. అలిసిపోయిన మనిషి మాట. వాదించకుండా వైపర్లు కూడా కొన్నాను. అన్నీ కలిపి వెయ్యి లోపే అయింది, నా సామాను కోసమే కాబట్టి నేనే ఇచ్చాను.

వెనక లైట్ల పని నేను తీసుకున్నాను. ఎర్ర అద్దానికి రెండు స్క్రూలు, అవి తీస్తే లోపల బల్బు. దాన్ని లోపలికి నొక్కి ఎడమ వైపు తిప్పితే ఊడి వస్తుంది. కొత్తది అంత సులభంగా కూర్చోలేదు. ఈ బల్బుకు పక్కలున్న మేకులు ఒకే ఎత్తులో ఉండవు, తిప్పి చూసుకుని సరైన వైపు పెడితేనే దిగుతుంది. ఎడమవైపు వెలిగింది. కుడివైపు కొత్త బల్బు పెట్టినా వెలగలేదు. బల్బు కూర్చునే గిన్నె నిండా తుప్పు. వలీ భాయ్ ఇచ్చిన గరుకు కాగితంతో గీకితే అదీ వెలిగింది. నాకు కలిగిన సంతోషం ఇప్పుడు రాస్తుంటే చిన్నపిల్ల చేష్టలా అనిపిస్తోంది.

ముందు లైటు ఓబులేసన్నకు లొంగలేదు. బానెట్ ఎత్తి, రబ్బరు మూత తీసి, మూడు కాళ్ళ ప్లగ్గు లాగాడు కానీ బల్బును పట్టి ఉంచే సన్నటి తీగ కొక్కెం ఆయన లావు వేళ్ళకు అందలేదు. బ్యాటరీ అడ్డం, కంటికి కనిపించదు. నాయన పక్కకు జరగమని సైగ చేసి చెయ్యి లోపలికి పెట్టారు. తెగిన పట్టుపోగులు వెతికి ముడివేసీ వేసీ ఆయన వేళ్ళకు చూడకుండా పని చేయడం అలవాటు. కాసేపు ఎటో రోడ్డు మీదికి చూస్తూ తడిమారు. టిక్కుమని కొక్కెం ఊడింది.

"గాజు ముట్టుకోవద్దు పెద్దాయనా, గుడ్డతో పట్టుకో" అని దుకాణంలోంచి వలీ భాయ్ చెప్పాడు. చేతి జిడ్డు అంటితే ఆ చోట వేడెక్కి బల్బు తొందరగా పోతుందట. నాయన పంచె కొంగుతో పట్టి పెట్టారు.

వైపర్లు మిగిలాయి. నేను వాటిని బిగించబోతుంటే ఓబులేసన్న నా చేతిలోంచి తీసుకున్నాడు. వైపర్ కడ్డీ పైకెత్తి, చిన్న మీట నొక్కి, పాతదాన్ని కిందికి జార్చాడు. అద్దం మీద తువ్వాలు మడిచి వేశాడు, వట్టి ఇనప కడ్డీ జారి పడితే అద్దం పగులుతుందని. రెండూ బిగించాక నీళ్ళు చల్లి తిప్పి చూశాడు. అద్దం మీద దుమ్ము చారలు తొలగి ఎదురుగా రోడ్డు తేటగా కనిపించింది. వైపర్లను ఆపకుండా ఇంకాసేపు తిరగనిచ్చాడు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కణేకల్లు దారి పట్టాం. దారి పక్కన చేలలోని గాలిమరలు దిక్కు మార్చుకున్నాయి. మట్టి వాసన ముందు వచ్చింది, దాని వెనకే వాన. చినుకులు కాదు, ఎవరో కుండలతో పోసినట్టు పడింది. వైపర్లు వేగంగా తిరిగినా బండి ముందు పది బారల మేర మాత్రమే కనిపించింది. ఓబులేసన్న లైట్లు వేసి, ముందుకు వంగి, నడక వేగంతో పోనిచ్చాడు.

వెనక ఏదో పటపటమని కొట్టుకుంటోంది. నాయన ముందుగా గుర్తుపట్టారు. "టార్పాలిన్ ఊడింది" అన్నారు.

బండి పక్కకు తీసి ఆపాం. నేనూ ఓబులేసన్నా దిగాం. ఒక మూల తాడు జారి టార్పాలిన్ గాలికి లేచిపోతోంది, పడుగు కొసన ఉన్న ప్లాస్టిక్ మీద నీళ్ళు నిలిచాయి. నేను దాని మీద అడ్డంగా పడుకున్నాను. ఓబులేసన్న తాడు లాగి కడుతుండగా వెనక నుంచి బస్సు చప్పుడు. తలెత్తి చూశాను. తెల్లటి వాన తెరలోంచి రెండు దీపాలు నేరుగా మా వైపే వస్తున్నాయి. నాయన లోపల డ్రైవరు సీట్లోకి జరిగి బ్రేకు మీద కాలు వేసి ఉంచారు. ఎవరూ చెప్పలేదు ఆయనకు. బ్రేకు లైట్ల వెలుగుకు టార్పాలిన్ మీది నీళ్ళు ఎర్రగా మెరిశాయి. బస్సు నెమ్మదించి, పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది. నొప్పి ఉన్న మోకాలితోనే నాయన బ్రేకును అలాగే తొక్కిపట్టి ఉంచారు, మేము ఎక్కేదాకా.

తడిసి లోపల కూర్చున్నాక ఓబులేసన్న బండి కదల్చలేదు. ఫోను తీసి ఇంటికి చేశాడు.

"ఆడ పడతాండాదా?"

అవతల ఆయన భార్య గొంతు మాకూ వినిపించింది. "యాడిది? ఎండ కాస్తాండాది. బట్టలు ఆరేసినా."

"ఈడ దంచతాండాది" అన్నాడు. ఫోను పెట్టేశాడు. పక్కన చేనులో ఒక ముసలావిడ నెత్తిన ఎరువుల సంచి కప్పుకుని, ఎక్కడికీ పోకుండా, గట్టు మీద నిలబడి వానను చూస్తోంది. ఓబులేసన్న ఆమెను చూస్తూ ఉండిపోయాడు.

"మామా, తిరిగి పొయ్యేటప్పుడు ఉరవకొండలో ఆగి రెండు మూటలు ఏసుకోని పోతా" అన్నాడు చివరికి.

"మీ ఊర్లో పడలేదు గదప్పా" అన్నారు నాయన.

"పడల్యా. పడితే ఏసేకి ఇంట్లో విత్తనం ఉండల్ల గదా."

నాయన తువ్వాలుతో లోపలి అద్దం మీది ఆవిరి తుడిచారు. బండి కదిలింది.

రాయదుర్గం చేరేసరికి నాలుగున్నర. మా ఆయన, అతని యూనిట్‌లో పనిచేసే మరో ఇద్దరు వచ్చి కొయ్యలు దించారు. ఓబులేసన్న టీ తాగి, చీకటి పడకముందే ఉరవకొండ చేరాలని వెంటనే తిరిగాడు. మేము తలుపులు మూసి, ఫ్యాను వేసి, పడుగు విప్పాం. పై రెండు చుట్లు ఒక కొసన తడిసి ఉన్నాయి. అంచు ఎరుపు రంగు చీర ఒంటి పసుపులోకి బెత్తెడు మేర పాకింది. నాయన ఆ పోగులను వేళ్ళ మధ్య పెట్టి చూసి, బలం తగ్గలేదన్నారు. నేను షావుకారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, ఆ చోటు కుచ్చిళ్ళలోకి వస్తుందా పమిటలోకి వస్తుందా అని అడిగాడు. మడతల్లో దాగిపోయే కుచ్చిళ్ళలోకే అన్నాను. "అయితే నెయ్యమ్మా, చూస్తాం" అన్నాడు.

వచ్చే దానిమీద నమ్మకం ఉన్నవాళ్ళే ముందు ఏర్పాట్లు చేసుకుంటారని ఇంతకాలం అనుకునేదాన్ని. ఆ రోజు బండిలో ఉన్న ముగ్గురిలో ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. తన మగ్గం ఇంకొకరి కాళ్ళ కింద ఆడుతుందని నాయనకు లేదు, జీన్సు ఊళ్ళో పట్టు నేసి నిలబడతానని నాకు లేదు, వాన మీద ఓబులేసన్నకు అసలే లేదు. అయినా రోడ్డు పక్కన కూర్చుని బల్బులు మార్చాం, రబ్బర్లు బిగించాం. నమ్మకం లేకుండా కూడా మనిషి సిద్ధంగా ఉండగలడు. బహుశా అలా సిద్ధపడేటప్పుడే అది కొద్దికొద్దిగా తిరిగి వస్తుందేమో. ఇప్పుడు పొద్దున లేచి గుంటలో దిగి కూర్చుంటే పక్క ఇళ్ళ కుట్టు మిషన్ల చప్పుడులో నా మగ్గం చప్పుడూ కలుస్తోంది.

మీరూ ఇలా సామాను వేసుకుని బయల్దేరుతుంటే ఒక్క పని చేయండి. తెల్లవారుజామున, వెలుగు పూర్తిగా రాకముందే బండి వెనక భాగాన్ని ఏదైనా గోడకు దగ్గరగా నిలిపి, బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు వైపులా ఎరుపు పడితేనే కదలండి. దీనికి ఇంకో మనిషి సాయం కూడా అక్కర్లేదు.